ఆన్ చేయగానే లేచేదెవరు?

నల్లకుంట నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, ఈ కంప్యూటర్‌ని ఆన్ చేసి, స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చినా ఇంకా ఆ చక్రం తిరుగుతూనే ఉందిరా. మళ్లీ వైరస్ ఎక్కినట్టుంది, ఒకసారి వచ్చి చూడు" అంది.

ఆ 'మళ్లీ' వెనక కొంత కథ ఉంది. పెద్దమ్మ తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. కాలనీ సంఘం ఉత్తరాలు, మీటింగ్ మినిట్స్ అన్నీ ఆవిడే టైపు చేస్తుంది. పెన్షన్ చూసుకోవడం, కరెంటు బిల్లు కట్టడం, డాలస్‌లో ఉన్న మా అన్నయ్యతో వీడియో కాల్ కూడా ఆ డెస్క్‌టాప్ మీదే. అది మొరాయించినప్పుడల్లా దగ్గర్లోని షాపుకి పంపిస్తుంది. వాళ్లు 500 రూపాయలు తీసుకుని ఫార్మాట్ చేసి ఇస్తారు. నెల్లాళ్లు బాగుంటుంది, తర్వాత షరా మామూలే. ఏడాదిలో రెండుసార్లు ఇలాగే జరిగింది.

ఆదివారం పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనాల దాకా ఆ డబ్బా ముందే కూర్చున్నాను. పెద్దమ్మ అనుమానం నిజమే, అందులో స్పైవేర్ ఉంది, అంటే మనకు తెలియకుండా మన మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్. అయితే కంప్యూటర్ నెమ్మదించడానికి, దానికి ఏ సంబంధమూ లేదు. మనం ఈ రెంటినీ కలిపేసి 'వైరస్' అని ఒకే పేరు పెట్టేస్తాం. అందుకే చేసే వైద్యం కూడా తేడా కొడుతుంది. రెండు జబ్బులూ చాలాసార్లు ఒకే గుమ్మంలోంచి లోపలికి వస్తాయి కాబట్టి ఈ గందరగోళం. ఆ గుమ్మం పేరు స్టార్టప్, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతట అవే లేచే ప్రోగ్రాముల జాబితా.

నలభై ఒక్క రోజుల మెలకువ

ముందు నెమ్మదితనం సంగతి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. విండోస్ 10లో అది చిన్న డబ్బాలా వస్తే కింద 'మోర్ డీటెయిల్స్' నొక్కాలి. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద క్లిక్ చేస్తే 'అప్ టైమ్' అని ఒక లెక్క కనిపిస్తుంది. పెద్దమ్మ కంప్యూటర్‌లో అది 41 రోజులు చూపిస్తోంది.

"పెద్దమ్మా, దీన్ని రాత్రిళ్లు ఆపుతావా, అలాగే వదిలేస్తావా?"

"అయ్యో, రోజూ షట్‌డౌన్ కొట్టే పడుకుంటాను కదరా!"

ఆవిడ నిజమే చెప్పింది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ గుండెకాయ లాంటి భాగం పూర్తిగా ఆగదు. అప్పటి స్థితిని డిస్కు మీద రాసి పెట్టుకుని, మర్నాడు అక్కడి నుంచే అందుకుంటుంది. పాత చిక్కులు కూడా దాంతో పాటే లేచి వస్తాయి. అన్నీ మొదటి నుంచి మొదలు కావాలంటే 'రీస్టార్ట్' కొట్టాలి. షట్‌డౌన్ కన్నా రీస్టార్టే ఎక్కువ శుభ్రం చేస్తుందంటే వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ, విండోస్‌లో అంతే.

తర్వాత స్టార్టప్ జాబితా. అది కూడా టాస్క్ మేనేజర్‌లోనే ఉంటుంది. విండోస్ 7 వరకు దీనికి ఎంఎస్‌కాన్ఫిగ్ అని టైపు చేయాల్సి వచ్చేది, విండోస్ 8 నుంచి ఇక్కడికి మార్చారు. ఆ జాబితాలో 14 ప్రోగ్రాములు 'ఎనేబుల్డ్' అని ఉన్నాయి. అంటే పెద్దమ్మ లాగిన్ కాగానే, ఆవిడ అడగకుండానే, పద్నాలుగూ తయారైపోతాయి. ఒకటి ప్రింటర్‌లో ఇంకు ఎంతుందో చెప్పేది. ఆ ప్రింటర్‌ని పాత సామాన్లవాడికి ఎప్పుడో ఇచ్చేశారు. వీడియో కాల్ యాప్‌లు మూడు. పీడీఎఫ్ చదివే సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చిందా అని చూసేది ఒకటి. ఎండాకాలం సెలవులకు వచ్చిన మనవడు ఎక్కించిన గేముల లాంచర్ ఇంకొకటి. అన్నీ పేరున్న కంపెనీలవే. ఒక్కొక్కటిగా చూస్తే దేన్నీ తప్పు పట్టలేం.

చిక్కంతా అవి ఒకేసారి లేవడంలో ఉంది. పెద్దమ్మ కంప్యూటర్‌లో ఉన్నది తిరిగే పాత హార్డ్ డిస్క్. దాని లోపల చదివే చెయ్యి అటూ ఇటూ కదులుతూ ఒక్కో ముక్కా తెచ్చివ్వాలి. కోఠి వెళ్లే బస్సు కిక్కిరిసి ఉన్నప్పుడు ఒక్క కండక్టరు ముందుకీ వెనక్కీ తిరుగుతూ టికెట్లు కొట్టడం గుర్తు తెచ్చుకోండి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గడి 100 శాతం చూపిస్తూ ఎర్రబడి ఉందంటే అదే పరిస్థితి. ప్రాసెసర్ పాపం ఖాళీగా కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది.

పద్నాలుగింటిలో తొమ్మిదింటిని రైట్ క్లిక్ చేసి 'డిసేబుల్' చేశాను. చాలామందికి ఇక్కడే భయం, ఆ సాఫ్ట్‌వేర్ పోతుందేమోనని. పోదు. దాని పక్కన 'దానంతట అది లేవకూడదు' అని విండోస్ ఒక గుర్తు రాసుకుంటుందంతే. మనం ఐకాన్ నొక్కితే మామూలుగానే తెరుచుకుంటుంది. కావాలనుకుంటే మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు. విండోస్ సెక్యూరిటీ, సౌండ్, ల్యాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్, ఈ మూడింటి జోలికి మాత్రం పోకపోవడం మంచిది. అనుమానంగా ఉన్నదాన్ని ఒక్కదాన్నే ఆపి, రీస్టార్ట్ చేసి, ఒక రోజు వాడి చూస్తే తేలిపోతుంది.

కంప్యూటర్ ఆన్ కావడానికి అంతకు ముందు ఆరు నిమిషాలు పట్టేది, మూడు నిమిషాలకు దిగింది. ఇంతవరకూ ఏ వైరసూ లేదు, ఏ స్కానూ చేయలేదు. 'మీ పీసీ వేగం పెంచుతాం' అని ఊదరగొట్టే క్లీనర్ సాఫ్ట్‌వేర్లు కూడా అవసరం రాలేదు. నా లెక్కలో అవి వేసుకోవడమే దండగ. ఎక్కించగానే అవి ముందు చేసే పని ఆ స్టార్టప్ జాబితాలో తాము చేరిపోవడం.

మూలన దూకే హెచ్చరికలు

స్క్రీన్‌కి కుడివైపు కింద మూల నుంచి 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి' అని గంటకోసారి ఎర్ర డబ్బా దూకుతోంది. పెద్దమ్మ బెంగంతా దాని గురించే. అది స్పైవేర్ కూడా కాదు, బ్రౌజర్ నోటిఫికేషన్. ఏదో వెబ్‌సైట్ తెరిచినప్పుడు 'నోటిఫికేషన్లు పంపవచ్చా?' అని అడిగితే 'అలౌ' నొక్కేసింది. వద్దంటే పేజీ రాదేమోనని నొక్కానంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరుసగా తెరిచి, ముక్కూ మొహం తెలియని సైట్లన్నింటినీ తీసేశాను. అంతే, ఆ గోల అక్కడితో ఆగింది.

ఆ డబ్బా మీద క్లిక్ చేసి, అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే కథ వేరేగా ఉండేది. అవతలివాళ్లు రిమోట్ యాప్ ఒకటి వేయించి, స్క్రీన్ తమ చేతిలోకి తీసుకుంటారు. అప్పుడిక స్పైవేర్‌తో పని లేదు, అన్నీ మనమే చూపిస్తాం.

పనిలో పనిగా బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు కూడా చూశాను. కూపన్లు వెతికిపెట్టేది ఒకటి, వాతావరణం చెప్పేది ఒకటి తీసేశాను. ఇంట్లో వాడే కంప్యూటర్‌లో క్రోమ్ మెనూ అడుగున 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని కనిపిస్తే మాత్రం ఒకసారి ఆగి చూడండి. ఆఫీసు మెషీన్‌లో అది మామూలే. ఇంటి మెషీన్‌లో కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా అలా వస్తుంది. అదేదీ లేకుండా వచ్చిందంటే, మనం తీసేయడానికి వీల్లేకుండా ఎవరో ఎక్స్‌టెన్షన్‌ని పాతి ఉండొచ్చు.

అసలు దొంగ

డిసేబుల్ చేయకుండా వదిలిన ఐదింటిలో ఒకదాని పేరు 'ఎస్‌వీసీ హోస్ట్ హెల్పర్'. విండోస్‌లో ఎస్‌వీసీహోస్ట్ అనే అసలు ప్రోగ్రాం నిజంగానే ఉంది, ఎప్పుడు చూసినా పదుల సంఖ్యలో నడుస్తూ ఉంటుంది. అందుకే ఆ పేరు చూస్తే ఎవరూ ఉలిక్కిపడరు. కానీ దీని పక్కన, తయారుచేసిన కంపెనీ పేరుండే పబ్లిషర్ గడి ఖాళీగా ఉంది. రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' అన్నాను. అసలుది ఉండేది విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో. ఇది తెరిచింది యూజర్ పేరు కింద దాగి ఉండే యాప్‌డేటాలో, రోమింగ్ లోపల, అర్థం పర్థం లేని అక్షరాల పేరున్న ఫోల్డర్. పెద్ద ఉద్యోగం చేస్తున్నానని చెప్పి మెట్ల కింద పడుకునేవాణ్ని చూస్తే ఏమనుకుంటాం?

యాప్‌డేటాలో ఉన్నంత మాత్రాన దొంగ అనలేం, మంచి యాప్‌లు కూడా కొన్ని అక్కడే ఉంటాయి. పబ్లిషర్ లేకపోవడం, పేరు ఎవరిదో కావడం, చోటు వింతగా ఉండటం, ఈ మూడూ ఒకచోట కలిస్తేనే గట్టిగా అనుమానించాలి.

అయితే ఇన్నాళ్లూ విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్, విండోస్ డిఫెండర్ ఏం చేస్తున్నట్టు? విండోస్ సెక్యూరిటీ తెరిస్తే ఆకుపచ్చ టిక్కు, 'ముప్పు ఏమీ లేదు' అని. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో 'మేనేజ్ సెట్టింగ్స్'కి వెళ్లి, అట్టడుగున ఎక్స్‌క్లూజన్స్ తెరిచాను. 'వీటిని చూడొద్దు' అని డిఫెండర్‌కి చెప్పి పెట్టే జాబితా అది. అందులో ఒకే ఒక్క లైను, మొత్తం సి డ్రైవ్. అంటే కాపలావాణ్ని గేటు బయట కూర్చోబెట్టి, ఇంటివైపు తల తిప్పొద్దన్నారు. వాడు మాట తప్పలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక డిఫెండర్ ఎంత!

ఆ లైను ఎలా వచ్చిందో పెద్దమ్మే చెప్పింది. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ షాపు కుర్రాడు తన పెన్‌డ్రైవ్‌లోంచి తెలుగు ఫాంట్ల ప్యాకేజీ దొంగ కాపీ ఎక్కించేవాడట. "యాంటీవైరస్ ఊరికే అడ్డొస్తుంది మేడమ్, ఆపేస్తున్నా" అనేవాడట. ఇలా డబ్బు కట్టకుండా వాడుకునేలా మార్చిన దొంగ కాపీలను క్రాక్‌లంటారు. సైబర్ నేరగాళ్లు వాటిలో స్పైవేర్‌ని కలిపి వదలడం పాత పద్ధతే. యాంటీవైరస్ అడ్డొస్తే 'ఇది క్రాక్ కదా, అలాగే అంటుందిలే' అని మనమే సర్దిచెప్పుకుంటాం. ఆ కుర్రాడికి తన పెన్‌డ్రైవ్‌లో ఏముందో తెలిసే ఉంటుందని నేననుకోను. ఫార్మాట్ చేసి ఇల్లంతా కడిగాడు, అదే చేత్తో ఆ పెన్‌డ్రైవ్ పెట్టాడు. అందుకే అది ప్రతిసారీ తిరిగొచ్చింది.

చప్పుడు ఎందుకు ఆగిపోయింది

స్పైవేర్ అంటే కంప్యూటర్‌ని కుంటివాణ్ని చేసేదని మన పాత జ్ఞాపకం. 2000 సంవత్సరం తర్వాతి తొలి రోజుల్లో అది నిజమే. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుంటూ నెట్ సెంటర్లలో గంటల లెక్కన కూర్చున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, బ్రౌజర్ సగం దాకా టూల్‌బార్లే నిండిపోయి ఉండేవి. అప్పటి స్పైవేర్‌కి కావలసింది మనకు ప్రకటనలు చూపించి డబ్బు చేసుకోవడం, కాబట్టి కనపడి తీరాలి. అమెరికాలో స్టీవ్ గిబ్సన్ అనే ప్రోగ్రామర్ 2000లో ఆప్ట్‌అవుట్ అనే విరుగుడు రాశాడు. 2004 డిసెంబరులో మైక్రోసాఫ్ట్, జెయింట్ అనే చిన్న కంపెనీని కొని దాని యాంటీ స్పైవేర్‌ని తన పేరుతో విడుదల చేసింది. తర్వాత విండోస్ విస్టాతో పాటు వచ్చిన విండోస్ డిఫెండర్‌కి మూలం అదే.

ఇప్పటి రకాన్ని ఇన్ఫోస్టీలర్ అంటున్నారు. ప్రకటనలతో దానికి పని లేదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, కుకీలు మూటగట్టి పంపేస్తే చాలు, అది క్షణాల పని. చప్పుడు చేస్తే దానికే నష్టం. వీటిలో లుమ్మా అనే ఒక్కటే 2025 మార్చి 16 నుంచి మే 16 లోపు ప్రపంచంలో 3,94,000 పైచిలుకు విండోస్ కంప్యూటర్లలో చేరిందని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. ఆ మే నెలలోనే దాని వెనక ఉన్న దాదాపు 2,300 డొమైన్లను (వెబ్ చిరునామాలను) కోర్టు ఉత్తర్వుతో, పోలీసు సంస్థల సాయంతో మూయించారు.

ఇంకో సంగతి. కొన్ని స్టీలర్లు ఒక్కసారి దోచుకుని తమను తామే చెరిపేసుకుంటాయి, స్టార్టప్‌లో పేరు కూడా రాసుకోవు. కాబట్టి జాబితా శుభ్రంగా ఉంటే ఇప్పుడు ఎవరూ కాపురం పెట్టలేదని అర్థం. ఎవరూ వచ్చి పోలేదని కాదు.

తీసే వరుస

నేను చేసింది ఈ వరుసలో. ముందు నెట్ కేబుల్ పీకేశాను. ఎక్స్‌క్లూజన్ తీసేశాను. ఆ 'హెల్పర్'ని డిసేబుల్ చేసి రీస్టార్ట్ చేశాను. మళ్లీ చూస్తే అది ఎనేబుల్ అయి కూర్చుంది.

ఇలా జరిగితే దాన్ని లేపే తోడుదొంగ వేరే చోట ఉన్నట్టు. స్టార్టప్ జాబితాలో కనిపించేది లాగిన్‌కి సంబంధించిన కొన్ని చోట్లే. సర్వీసులు, గంటకోసారో రోజుకోసారో నడిచే షెడ్యూల్డ్ టాస్కులు అందులో కనిపించవు. అన్నీ ఒకచోట చూపించేది ఆటోరన్స్ అనే ఉచిత పరికరం. మార్క్ రసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ రాసింది, 2006లో ఆ ఇద్దరి కంపెనీని మైక్రోసాఫ్ట్ కొనేసింది. దాన్ని మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకోవాలి, ఇంకెక్కడి నుంచీ వద్దు. నేను నా ల్యాప్‌టాప్‌లో దించి తీసుకెళ్లాను.

దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే వందల లైన్లు వచ్చి కళ్లు తిరుగుతాయి. ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచమంటే చాలావరకు తగ్గిపోతాయి. గులాబీ రంగు లైను అంటే కంపెనీ డిజిటల్ సంతకం, పబ్లిషర్ పేరు సరిగా లేనిది. పసుపు అంటే పేరుంది, ఫైలు లేదు. పసుపువి ఎక్కువగా ఎప్పుడో తీసేసిన సాఫ్ట్‌వేర్ల దయ్యాలు. షెడ్యూల్డ్ టాస్కుల్లో ఒక గులాబీ లైను దొరికింది. గంటకోసారి లేచి అదే యాప్‌డేటా ఫోల్డర్‌ని నడిపే టాస్క్. దాని ముందు టిక్కు తీసేశాను. ఇక్కడ డిలీట్ కన్నా టిక్కు తీయడం మేలు, పొరపాటైతే వెనక్కి తెచ్చుకోవచ్చు.

తర్వాత నెట్ కలిపి డిఫెండర్‌ని అప్‌డేట్ చేసి, స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడిపాను. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దొంగ మెలకువలో ఉండడు. పావుగంట పట్టింది. ఫాంట్ల క్రాక్‌నీ, ఆ ఫోల్డర్‌నీ రెండింటినీ పట్టుకుంది, రెండో దానికి పేరు కూడా పెట్టింది: పాస్‌వర్డ్ స్టీలర్. డిఫెండర్ ఒక్కదాని మీదే నమ్మకం చాలదనుకుంటే, కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో ఉచిత తొలగింపు పరికరాలు ఉన్నాయి.

ప్రకటనలు చూపించే చిల్లర సరుకైతే నేను ఇక్కడితో ఆగేవాణ్ని. స్టీలర్ దొరికింది కాబట్టి ఆగలేదు. పెన్షన్ ఖాతా తెరిచే కంప్యూటర్‌లో 'బహుశా పోయింది' అనే మాట పనికిరాదు. ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు ఒకటి తెచ్చి, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించిన విండోస్‌ని దాని మీద కొత్తగా వేశాను. పాత డిస్కులోంచి ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రమే తీసుకున్నాను, ప్రోగ్రాములు ఒక్కటీ తేలేదు. ఆ పాత ప్రాసెసర్‌కి విండోస్ 11 పడదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందేలా ఎన్‌రోల్ చేశాను. ఈసారి ఆన్ చేస్తే పాతిక సెకన్లలో డెస్క్‌టాప్ వచ్చింది.

పాస్‌వర్డులు మార్చింది ఆ కంప్యూటర్‌లో కాదు, ఫోన్‌లో. ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాతే మిగతావి. ఈమెయిల్ ఎవరి చేతిలో ఉంటే మిగతా పాస్‌వర్డులన్నీ వాళ్లు మార్చుకోగలరు కనుక అది ముందు. ప్రతి ఖాతాలోనూ 'అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్' కూడా నొక్కించాను.

"ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది కదరా, పాస్‌వర్డ్ తెలిసి వాడేం చేస్తాడు?" అని అడిగింది. మంచి ప్రశ్నే. నుమాయిష్‌కి వెళ్లినప్పుడు స్కూటర్ స్టాండులో చీటీ ఇస్తారు. తిరిగొచ్చాక నువ్వెవరని ఎవరూ అడగరు, చీటీ ఎవరి చేతిలో ఉంటే బండి వాళ్లది. కుకీ అలాంటి చీటీ. ఓటీపీ కొట్టి లోపలికి వెళ్లాక సైటు దాన్ని మన బ్రౌజర్‌కి ఇస్తుంది. స్టీలర్ కొట్టేసేది దాన్ని. అన్నిచోట్లా లాగౌట్ చేస్తే పాత చీటీలు చెల్లవు. పెద్దమ్మ ఖాతాలో డబ్బు పోలేదు. పోయి ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేవాళ్లం. అక్కడ ఎంత తొందరగా చెబితే, వెళ్లిపోతున్న డబ్బుని మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ.

తెలుగు టైపింగ్‌కి ఇక ఆ దొంగ ప్యాకేజీతో పని లేదు. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. పెద్దమ్మకి మాత్రం పాత లేఅవుటే వేళ్లకి అలవాటు. వారం రోజులు నన్ను తిట్టుకుంటూనే టైపు చేసింది.

వచ్చేసే ముందు స్టార్టప్ జాబితాలో ఉండాల్సిన పేర్లు ఐదు కాగితం మీద రాసి, గోడ మీద క్యాలెండర్ పక్కన అంటించాను. నెలకోసారి తెరిచి ఒకసారి సరిచూసుకోమన్నాను. మూడు వారాలకే ఫోన్ వచ్చింది.

"ఆరోది వచ్చిందిరా. పబ్లిషర్ పేరుంది, మొన్న మీ అన్నయ్య మీటింగ్ కోసం ఏదో యాప్ వేయించాడే, వాళ్లదే. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే ఉంది, చూశాను. దొంగ కాదులే అని డిసేబుల్ కొట్టా. సరేనా?"